కిండర్ కొండ మీద మిల్లు పలకలు

హేఫీల్డ్ ఊరు దాటగానే బౌడెన్ బ్రిడ్జ్ దగ్గర ఒక పాత రాతి క్వారీ ఉంది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటున్నారు. ఒక నిరసన నడకకు గుర్తుగా రాతిముఖానికి బిగించిన ఫలకం ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌కు నేను వచ్చిందే దీనికోసం.

1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది ఇక్కడ గుమిగూడి కిండర్ స్కౌట్ కొండ మీదికి నడిచారు. చాలామంది మాంచెస్టర్ చుట్టుపక్కల కష్టజీవులు, కుర్రవాళ్ళు. వారమంతా పొగలో పనిచేసి, ఆదివారం ఒక్కరోజు మంచి గాలి పీల్చుకోవాలనుకున్నవాళ్ళు. కొండేమో గ్రౌస్ పక్షుల వేట కోసం కొద్దిమంది భూస్వాముల అధీనంలో ఉండేది, మామూలు జనాన్ని రానిచ్చేవారు కాదు. దారిలో కాపలాదారులతో తోపులాట జరిగింది. అల్లర్లు, దాడి అభియోగాలపై ఐదుగురిని జైలుకు పంపారు. ముందుండి నడిపించిన బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి 20 ఏళ్ళు. నాలుగు నెలల శిక్ష పడింది. ఆ వయసు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కాసేపు నడవగానే కిండర్ జలాశయం కనిపించింది. మే నెల ఎండలో నిశ్చలంగా ఉంది. గట్టున ఈత నిషేధమన్న బోర్డు. 2000 సంవత్సరపు చట్టం పటాల్లో గుర్తించిన కొండలు, మూర్ భూములు (చెట్లు లేని ఎత్తైన బీళ్ళు), ఉమ్మడి భూముల మీద కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. అదీ ఇంగ్లండ్ నేలలో సుమారు 8 శాతమే. నీళ్ళలో దిగే హక్కు మాత్రం అందులో లేదు. తాగునీటి జలాశయం లోతుగా, చల్లగా ఉంటుంది కాబట్టి ఇక్కడ నిషేధం సబబే. కానీ నదుల్లో కూడా చాలాచోట్ల అదే పరిస్థితి ఉండటం నాకు న్యాయంగా తోచలేదు.

విలియం క్లఫ్ అనే ఇరుకు లోయ వెంట వాగును అటూ ఇటూ దాటుతూ ఎక్కాను. పైన ఆషప్ హెడ్ దగ్గర పెన్నైన్ వే అనే సుదూర నడకదారి కలిసింది. కిండర్ అంచు వైపు తిరగకముందు, కుతూహలం కొద్దీ మిల్ హిల్ వైపు కొంతదూరం వెళ్ళాను. నల్లని పీట్ నేల, అంటే సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న మెత్తని నేల మీద వరసగా రాతి పలకలు. ఈ దారిలో పరిచిన పలకల్లో చాలావరకు కూల్చేసిన పాత నూలు మిల్లుల్లో నేలకు పరిచినవని చదివాను. వంగి ఒకదాన్ని చేత్తో తడిమాను. పాదాలకు అరిగి నునుపెక్కి ఉంది.

ఆ మిల్లుల పొగ గొట్టాలే ఈ కొండకు చేటు చేశాయి. గంధకం కలిసిన పొగ స్ఫాగ్నమ్ నాచును చంపింది. గొర్రెల మేత, మంటలు మిగిలిన పచ్చదనాన్నీ హరించాయి. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచే నాచు పోయాక వాన నిలవదు. పీట్‌ను కోసుకుంటూ గోధుమరంగు నీరై కిందికి పరుగెడుతుంది. లోయలో వరద, జలాశయంలో మట్టి. ఇప్పుడు నాచు మళ్ళీ నాటుతున్నారు, గండ్లకు రాళ్ళతో అడ్డుకట్టలు వేస్తున్నారు. ఆ పక్కనే పలకల మీద నడుస్తుంటే, ఒక్క అడుగు కూడా పక్కకు వేయబుద్ధి కాలేదు.

అంతలో కర్లూ అనే పొడవు ముక్కు పక్షి కూత వినిపించింది. సన్నగా మొదలై, బుడగలు పొంగినట్లు పైకి లేచే కూత. అది నేల మీదే గూడు కడుతుంది. అందుకే మార్చి 1 నుంచి జులై 31 వరకు ఈ భూముల్లో కుక్కలను పొట్టి పట్టీతో పట్టుకునే నడిపించాలి. ఎదురొచ్చిన పెద్దాయన కుక్క పట్టీని మరో చుట్టు చేతికి చుట్టుకుని, నవ్వి, దారి ఇచ్చాడు.

కిండర్ డౌన్‌ఫాల్ దగ్గర గాలి ఉధృతంగా ఉంది. 30 మీటర్ల జలపాతం కిందపడుతూనే, సగం నీరు తుంపరగా వెనక్కి ఎగిరి నా ముఖాన్ని తడిపింది. అక్కడి నుంచి జేకబ్స్ ల్యాడర్ మెట్ల మీదుగా ఈడేల్ వైపు దిగాను.

పొలాల్లో వరసగా గేట్లు. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదలాలని ఇక్కడి నియమం. మూసినవి తెరిచి, దాటి, గొళ్ళెం పెట్టుకుంటూ వచ్చాను. చివరిది బార్లా తెరిచి ఉంది. అవతల గొర్రెలు వాగులో నీళ్ళు తాగుతున్నాయి. మూయబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని స్టేషన్ వైపు నడిచాను.