బండి కూలెంట్ తాగుతుంటే ముందు లీకు ఎక్కడో పట్టుకోండి

బానెట్ తీసిన ప్రతిసారీ కూలెంట్ డబ్బాలో లెవెల్ తగ్గి కనిపిస్తే, చాలామంది సీసాడు నీళ్లు పోసి మూత పెట్టేస్తారు. దయచేసి అట్ల వదిలేయకండి. కారు కూలింగ్ సిస్టమ్ మూసి ఉండేది. వేడెక్కితే లెవెల్ కొంచెం పైకి వస్తుంది, చల్లారితే కిందికి దిగుతుంది, అంతే. చిన్న కార్లలో మొత్తం పట్టేదే నాలుగు నుంచి ఆరు లీటర్లు. అందులో రెండు నెలలకు అర లీటరు మాయమైతే అది బయటికైనా పోతోంది, ఇంజన్ లోపలికైనా పోతోంది. చలికాలంలో తెలియదు. మే నెలలో ఏసీ వేసుకుని హన్మకొండ, కాజీపేట ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటుతుంది. ఒక్కసారి గట్టిగా హీటయితే హెడ్, అంటే ఇంజన్ పైభాగం, వంగిపోవచ్చు. ఆ ఖర్చు ముందు హోస్ పైపు ఖర్చు ఎంత?

మొదట కొలత. రాత్రంతా ఆగిన బండిని పొద్దుగాల, చదునైన చోట చూడాలి. డబ్బా మీద లెవెల్ దగ్గర మార్కర్‌తో సన్నగీత గీసి, కిలోమీటర్ల రీడింగ్ రాసుకోండి. వారం తర్వాత అదే టైముకు మళ్లీ చూడండి. రాత్రి ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరిచి, బండి ముందు వైపు ఎటో దాని మీద బాణం గుర్తు వేయండి. పొద్దున తడి కనిపిస్తే వేళ్ల మధ్య రుద్దండి. ఏసీ నీళ్లయితే ఏమీ అంటదు, ఇట్టే ఆరిపోతుంది. కూలెంట్ జిడ్డుగా జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది, రంగు ఉంటుంది.

అయితే చుక్క పడ్డ చోటే లీకు ఉందనుకోవద్దు. కూలెంట్ ఇంజన్ బ్లాక్ మీదుగా జారి, కింది ప్లాస్టిక్ షీల్డ్ మీద పారి, దాని అంచు నుంచి రాలుతుంది. నడుస్తున్న బండిలో ఫ్యాన్ గాలి దాన్ని వెనక్కి చిమ్ముతుంది. అందుకే తడి కన్నా ఆరిపోయిన మరకను వెతకాలి. తెల్లగా, ఆకుపచ్చగా, గులాబీగా, కూలెంట్ రంగును బట్టి ఉప్పు పేరుకున్నట్టు పొడి కడుతుంది. ఆ మరకను పట్టుకుని పైకి పోండి. అన్నిటికన్నా పైన ఎక్కడ మొదలైందో, మీ లీకు అక్కడే ఉంటుంది.

మరక దొరకకపోతే ప్రెషర్ టెస్టర్ కావాలి. చేతిపంపు, దానికో గేజ్, మూత స్థానంలో బిగించే అడాప్టర్, అంతే. నిలిపి ఉంచిన చల్లటి బండి ఎందుకు కారదంటే లోపల ఒత్తిడి ఉండదు కాబట్టి. సగం నీళ్లు, సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత 1 బార్ ఒత్తిడి నిలిపితే 125 దాటినా మరగదు. ఆ ఒత్తిడినే మనం చల్లటి ఇంజన్ మీద పంపుతో తెస్తున్నాం. వేడి ఇంజన్ మీద చుక్క పడగానే ఆవిరైపోతుంది, చల్లటి ఇంజన్ మీద నిలిచి కనబడుతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

మూత మీద అంకె ఉంటుంది, 0.9 అనో 1.1 అనో. అంతవరకే కొట్టండి. ఎక్కువ కొడితే బాగున్న రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు కూడా పగలొచ్చు. కొట్టి పదిహేను నిమిషాలు ముల్లును చూడండి. కదలకపోతే ఇంజన్‌ను ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ చూడండి. ముల్లు దిగుతుంటే టార్చి, చిన్న అద్దం, తెల్ల టిష్యూ పేపర్ తీసుకుని ప్రతి జాయింట్ కింద తుడుస్తూ పోండి. పేపర్‌కు రంగు అంటిన చోట ఆగండి.

మూతను కూడా అదే టెస్టర్‌కు పెట్టి చూడాలి, చాలామంది దీన్ని మర్చిపోతారు. మూతలో రెండు వాల్వులుంటాయి. స్ప్రింగ్ సడలితే కూలెంట్ డబ్బాలోంచి పొంగి బయటికి పోతుంది, లీకు మాత్రం ఎక్కడా కనిపించదు. లోపలి చిన్న వాక్యూమ్ వాల్వు పట్టేస్తే, పొద్దున పై హోస్ నొక్కేసినట్టు చప్పిడిగా కనిపిస్తుంది. రెండింటికీ మందు కొత్త మూతే.

ఇక ఎక్కువగా కారే చోట్లు. రేడియేటర్‌లో సన్న ట్యూబులుండే అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు మడతపెట్టి బిగించిన అంచు. హోస్ చివరలు. క్లిప్ తీసి చూస్తే రబ్బరు మీద పాత క్లిప్ గాడి కనిపిస్తుంది, కొత్తది కచ్చితంగా ఆ గాడిలోనే కూర్చోవాలి. కారుతోందని స్క్రూ క్లిప్‌ను ఇంకా బిగిస్తే రబ్బరు తెగుతుంది, లోపలి ప్లాస్టిక్ మెడ పగులుతుంది. పొలాల దగ్గరో, ధాన్యం గోదాముల దగ్గరో పెట్టే బండైతే ఎలుక పంటి గాట్లు కూడా చూడండి.

వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోయిందని చెప్పడానికే కంపెనీ దాన్ని పెట్టింది. అక్కడి నుంచి ధార కట్టిన మరక ఉంటే పంపు మార్చాల్సిందే, రంధ్రం మూసేయడం తప్పు. పంపు టైమింగ్ బెల్ట్ మీద నడిచేదైతే లీకు కవర్ లోపల దాక్కుంటుంది. బెల్టు తడిసిందంటే అదీ మార్చాలి.

ముందు సీట్లో కాళ్లు పెట్టే చోట కార్పెట్ తడిసి, అద్దం మీద జిడ్డు పొర కడితే హీటర్ కోర్ చూడండి, అది డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్ లాంటిది. మనం హీటర్ వాడం కదా అనుకోవద్దు, చాలా కార్లలో కూలెంట్ అందులో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

ముల్లు దిగుతోంది, బయట చుక్క లేదు. అప్పుడు భయపడాల్సింది హెడ్ గ్యాస్కెట్ గురించి, అంటే హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు గురించి. నీలం ద్రావణం ఉన్న టెస్టర్‌ను రేడియేటర్ మూతి మీద పెట్టి, లోపలి గాలిని ద్రావణంలోకి లాగాలి. కూలెంట్ దానిలోకి పోకుండా ముందే లెవెల్ కొంచెం తగ్గించుకోవాలి. పెట్రోల్ బండిలో ద్రావణం పసుపుకు తిరిగితే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లో కలుస్తోంది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఒకటి మిగతావాటికన్నా శుభ్రంగా ఉండొచ్చు, ఆవిరి దాన్ని కడుగుతోంది కాబట్టి. డీజిల్ బండికి గ్యాస్కెట్‌ను తిట్టే ముందు ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) చూడండి, అది లోపల పగిలినా తెల్ల పొగ వస్తుంది, కింద ఒక్క చుక్కా పడదు. ఆయిల్ మూత కింద తెల్ల నురుగు ఒక్కదాన్ని చూసి హెడ్ విప్పించకండి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమకు కూడా అది వస్తుంది.

రేడియేటర్‌లో పసుపు వేయడం మన దగ్గర పాత పద్ధతి. దారిలో ఆగిపోయినప్పుడు ఊరు చేరడానికి ఉపయోగపడొచ్చు, కానీ ఆ ముద్ద హీటర్ కోర్‌లో, సన్న ట్యూబుల్లో గడ్డకడుతుంది. లీకు ఆపే పౌడర్లదీ అదే కథ. బోరు నీళ్లు అసలు వద్దు. వాటిలోని ఖనిజాలు పెచ్చు కడతాయి, లవణాలు అల్యూమినియాన్ని తింటాయి. గాఢమైన కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపండి. డబ్బా మీద ప్రీమిక్స్ అని ఉంటే ఏమీ కలపొద్దు.

రిపేరు అయ్యాక కూలింగ్ సిస్టమ్‌లో చిక్కుకున్న గాలి తీసి, మళ్లీ ప్రెషర్ పెట్టి పదిహేను నిమిషాలు చూడండి, డబ్బా మీద కొత్త గీత గీయండి. కింద ఒలికినదాన్ని ఇసుక చల్లి ఎత్తేయండి. ఆ తీపికి కుక్కలు నాకుతాయి, కొంచెమే అయినా వాటి కిడ్నీలు పోతాయి.