ఎంబెడెడ్ ఉద్యోగం కావాలా? ముందు ఆర్‌ఎస్-485 పట్టండి

తిరుపతిలో ఈసీఈ చదివి ఎంబెడెడ్ (యంత్రాల్లో ఇమిడిపోయే చిన్న కంప్యూటర్ల పని) వైపు వెళ్లాలనుకునే పిల్లలు చాలామంది ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డును వైఫైకి కలిపి, ఫోన్‌తో బల్బు వెలిగించి ప్రాజెక్టు ముగిస్తారు. మొదలుపెట్టడానికి అది బాగానే ఉంటుంది. కానీ ఫ్యాక్టరీలో ఎనర్జీ మీటర్లు, మోటార్ డ్రైవ్‌లు ఇప్పటికీ చాలాచోట్ల మాట్లాడేది ఆర్‌ఎస్-485 (జంట తీగల మీద డేటా పంపే పద్ధతి) మీద మోడ్‌బస్ అనే భాషలోనే. చిత్తూరు చుట్టుపక్కల ఏ మామిడి గుజ్జు ప్లాంటులో పని దొరికినా ఇది తెలిసినవాళ్లకే విలువ.

రెండు బోర్డులు, రెండు 485 మాడ్యూళ్లు (బోర్డు సంకేతాన్ని ఈ లైనుకు తగ్గట్టు మార్చేవి), మెలితిప్పిన తీగ చాలు. ఈఎస్‌పీ32కి 5 వోల్టుల మ్యాక్స్485 చిప్పున్న మాడ్యూల్ నేరుగా కలపకండి, దాని ఆర్ఓ (వచ్చిన డేటాను బోర్డుకిచ్చే) పిన్నులోంచి 5 వోల్టులు వస్తాయి, 3.3 వోల్టుల బోర్డుకు అది ఎక్కువ. 3.3 వోల్టుల మ్యాక్స్3485 తీసుకోండి. లైను రెండు చివర్లలో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. కరెంటు తీసేసి ఏ, బీ అనే రెండు డేటా తీగల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు రావాలి. 40 వచ్చిందంటే మూడో రెసిస్టర్ ఎక్కడో ఉంది. చౌక మాడ్యూళ్లలో దాన్ని ముందే సోల్డర్ చేసి ఇస్తారు, లైనులో బోర్డులు ఎక్కువుంటే మధ్యవాటి మీద పీకేయాలి. గ్రౌండ్ తీగ కూడా కలపండి. మోటార్ కేబుల్ పోయే పైపులో ఈ తీగ వేయొద్దు.

అందరూ ఇరుక్కునేది డీఈ (ఎత్తితే మాడ్యూల్ లైను మీదకి డేటా పంపుతుంది) పిన్ను దగ్గర. ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్‌లో టీఎక్స్‌ఈ ఫ్లాగ్ (చిప్పు ఇచ్చే గుర్తు) లేచిందంటే డేటా రిజిస్టర్ ఖాళీ అయిందనే. చివరి బైటు ఇంకా బిట్టు తర్వాత బిట్టుగా బయటికి పోతూనే ఉంటుంది, 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంలో దానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఆలోపే డీఈ దించితే సీఆర్‌సీ (సందేశంలో తప్పును పట్టే చివరి భాగం) చివరి బైటు తెగుతుంది, మీటరు నోరు మెదపదు. ప్రోగ్రాం మొత్తం సరిగ్గానే కనబడుతుంది కాబట్టి రోజుల తరబడి అడ్రసు మీద, రిజిస్టర్ నంబరు మీద అనుమానపడతారు. టీసీ (పంపడం పూర్తయింది) ఫ్లాగ్ లేచాకే దించాలి. లాజిక్ అనలైజర్ (పిన్నుల సంకేతాల్ని రికార్డు చేసే పరికరం)లో ఒక ఛానల్ డేటా పంపే టీఎక్స్ పిన్నుకి, ఇంకోటి డీఈకి పెట్టి పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్‌లో చివరి బైటును పెద్దది చేసి చూడండి, తెగిన చోటు కళ్లకు కడుతుంది. ఇది ఒక్కసారి చూసినవాళ్లు ఇంటర్వ్యూలో తడబడరని నా నమ్మకం.

మోడ్‌బస్‌లో ఫ్రేము అంటే ఒక పూర్తి సందేశం. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 3.5 అక్షరాల నిశ్శబ్దం కావాలి, 9600లో అది సుమారు 4 మిల్లీసెకన్లు. బైట్ల మధ్యలో డీబగ్ ప్రింట్లు పెట్టి ఆలస్యం చేస్తే ఒకే ఫ్రేము రెండుగా చీలిపోతుంది.

తోటలో బోరు దాకా తీగ లాగలేని చోట లోరా (తీగ లేకుండా దూరానికి డేటా పంపే రేడియో) వాడండి. మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదు, మాడ్యూల్ ఆ బ్యాండుదేనా అని చూసి కొనండి. యాంటెన్నా బిగించకుండా ట్రాన్స్‌మిట్ చేయిస్తే పవర్ యాంప్లిఫయర్ పోవచ్చు.