పోపుగారి రాయబారి, ఇటలీలో ఆయన సమాధి

ఉత్తర ఇటలీలోని మాంతువా నగరం నుంచి గ్రాత్సియే గ్రామం బస్సులో కొద్ది దూరమే. మించో నది ఒడ్డున అక్కడి మేరీమాత చర్చిని ప్లేగు తగ్గినందుకు మొక్కుగా మాంతువాను ఏలిన గొంజాగా ప్రభువు కట్టించాడు. లోపలికి అడుగు పెట్టగానే మా ఆవిడ "అదేమిటండీ, మొసలి!" అంది. నిజంగా మొసలే! పైకప్పు నుంచి గొలుసులతో వేలాడుతోంది. గోడ గూళ్ళ నిండా గండం గట్టెక్కిన భక్తుల నిలువెత్తు బొమ్మలు. మన మొక్కుబడులు వీటి ముందు దిగదుడుపే.

నేను వెళ్ళింది పదహారో శతాబ్దపు రాయబారి, రచయిత బల్దస్సారె కాస్తిల్యోనే సమాధి చూడటానికి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో రఫాయెల్ గీసిన ఆయన చిత్రం చూసినప్పటి నుంచి ఈ కోరిక ఉంది. నలుపు, బూడిద రంగు దుస్తులు, నీలి కళ్ళు, తొందర ఎరగని ముఖం.

ఆ ముఖం వెనక తీరిక మాత్రం లేదు. 1478లో పుట్టిన ఈ మాంతువా కులీనుడు 1503లో దక్షిణ ఇటలీలో ఫ్రెంచి, స్పెయిన్ సేనల మధ్య జరిగిన గరిల్యానో యుద్ధానికి వెళ్ళాడు. తర్వాత ఇటలీలోనే మరో సంస్థానమైన ఉర్బినో కొలువులో చేరి, 1506లో అక్కడి ప్రభువు తరఫున ఇంగ్లండు రాజు ఇచ్చే గార్టర్ అనే గౌరవ బిరుదు అందుకోవడానికి ఇంగ్లండు ప్రయాణం కట్టాడు. 1520లో భార్య ఇప్పోలిత మాంతువాలో చనిపోయేనాటికి ఆయన రాచకార్యం మీద రోమ్‌లో ఉన్నాడు. ఆ దెబ్బతో మతదీక్ష తీసుకున్నాడు.

అసలు పరీక్ష స్పెయిన్‌లో ఎదురైంది. పోపు ఏడో క్లెమెంట్ ఆయనను స్పెయిన్‌ను ఏలుతున్న ఐదో చార్లెస్ చక్రవర్తి దగ్గరికి రాయబారిగా పంపాడు. 1527లో చక్రవర్తి సేనలే రోమ్‌ను దోచుకున్నాయి. ముందే ఎందుకు హెచ్చరించలేదని పోపు రాయబారినే తప్పుపట్టాడు. జీతాలందని సైన్యం తెగబడితే స్పెయిన్‌లో కూర్చున్న మనిషి ఏం చేయగలడు? ఆయన పెద్ద ఉత్తరం రాసి తన నిర్దోషిత్వం చెప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే, దర్బారులో మనిషి ఎంత హుందాగా మెలగాలో చెప్పే ఆయన పుస్తకం వెనిస్‌లో అచ్చయింది! 1529లో తొలెదోలో కన్నుమూశాడు.

ఎర్రరాతి సమాధికి రూపకల్పన చిత్రకారుడు, వాస్తుశిల్పి జూలియో రొమానోది, దాని మీది లాటిన్ వాక్యాలు కవిపండితుడు బెంబోవి. ఇద్దరూ పేరుమోసినవాళ్ళే. నన్ను నిలబెట్టింది మాత్రం కట్టించిన తల్లి అలోయిసియా ప్రస్తావన. తాను కోరుకోకపోయినా కొడుకు పోయాక బతికి ఉన్నానని అందులో చెక్కించింది. ఆ పక్కనే ఆయన బిరుదులు, రాయబారాల పట్టీ కూడా ఉంది కానీ, దాన్ని పూర్తిగా చదవాలనిపించలేదు.