తుపాను నెలలో క్రిస్మస్ ఏర్పాట్లు

2023లో, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు పాటించే ఆగమన కాలపు మొదటి ఆదివారం డిసెంబరు 3న వచ్చింది. మందిరంలో మొదటి కొవ్వొత్తి వెలిగించిన ఆ రోజే బంగాళాఖాతంలోని వాయుగుండం మిగ్‌జాం తుపానుగా మారింది. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో అప్పటికి సార్వా (ఖరీఫ్) వరి కోతలు సగం పూర్తయి, కోసిన వరి పనలు ఇంకా చేలల్లోనే ఉన్నాయి. 5వ తేదీన తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటేసరికి మా పనలన్నీ నీటిలో నానుతున్నాయి. అదే వారంలో మావయ్యగారు తడి అరుగు మీద జారిపడి తుంటి ఎముక విరగడంతో, ఆయనను భీమవరంలో ఆసుపత్రిలో చేర్పించి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. కువైట్‌లో పని చేస్తున్న మా ఆడపడుచు, ఎన్నో ఏళ్ల తరువాత సెలవు దొరికి, పండుగకు వస్తున్నానని టికెట్టు తీసుకున్నది కూడా ఆ నెలలోనే.

ఈ ఏడాదికి పండుగ మానేద్దామని మా ఆయన అన్నారు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న అత్తయ్యగారు మాత్రం ఒప్పుకోలేదు. "చావు జరిగిన ఇంట్లోనే పండగ చెయ్యరు. మనింట్లో అందరూ బతికే ఉన్నారు కదా" అని ఆమె అన్నాక ఇక ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్యగారి మాటే సరైనదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే ప్రతి ఏడాది చేసేవన్నీ చేసే వీలు లేదు కనుక, ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే మా ముందున్న అసలు పని అయింది.

ముందు చేను చూసుకోవాలి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే గింజ మొలకెత్తకుండా ఆపవచ్చని వ్యవసాయాధికారులు చెప్పడంతో, మా ఆయన ఆ పని చేయించి, పనలను గట్ల మీదికి చేర్పించి, తిరగవేయించారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,637 రూపాయలు. ధాన్యం ఆరి, అమ్ముడై, డబ్బు చేతికి వచ్చేది పండుగ తరువాతే. అందుకని ఇంటికి సున్నాలు వేయించడం, పెద్దవాళ్ల కొత్త బట్టలు, రంగు దీపాల తోరణాలు మానుకున్నాము. పిల్లల బట్టలు మానలేదు. నక్షత్రం కూడా మానలేదు, దాన్ని వెదురు బద్దలతో, రంగు కాగితాలతో పిల్లలే కట్టి, లోపల బల్బు పెట్టి అరుగు ముందు వేలాడదీశారు.

అరిసెల విషయంలో మాత్రం చాలా చర్చ జరిగింది. మిఠాయి కొట్టులో కొని తెస్తే సరిపోతుందని మా ఆయన అభిప్రాయం. నాకు అది నచ్చలేదు. మా వీధిలో క్రైస్తవుల ఇళ్లకంటే ఇతరుల ఇళ్లే ఎక్కువ. క్రిస్మస్‌కు మా ఇంటి అరిసెలు వాళ్లకు వెళ్లడం, సంక్రాంతికి వాళ్ల ఇంటివి మాకు రావడం మావయ్యగారి తండ్రి కాలం నుంచి ఉన్న రాకపోకలు. అరిసెలు ఒక్కరి చేత అయ్యే వంట కూడా కాదు. నానిన బియ్యాన్ని మర పట్టించాక, ఆ తడి పిండి ఆరిపోకముందే పాకంలో కలపాలి. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలియబెట్టాలి, ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు నూనె కారేలా చెక్కల మధ్య నొక్కాలి. అత్తయ్యగారు ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి, పక్కింటి పిన్నిగారు, ఎదురింటి అక్కగారు పిలవకుండానే వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నారు. వాళ్ల చేలూ మునిగాయి, వాళ్లకూ ఇంటి నిండా పని ఉంది. పాకం ఎప్పుడు దించాలన్నది అత్తయ్యగారు భీమవరం నుంచి వీడియో కాల్‌లో చూసి చెప్పారు. పళ్లెంలోని నీళ్లలో వేసిన పాకం ఉండ కట్టిందని ఆమెకు చూపించాకే పిండి పోశాము.

మందిరపు బల్ల మీదికి అత్తయ్యగారు ఏటా లేసు గుడ్డ అల్లి ఇస్తారు. నరసాపురం ప్రాంతపు ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా ఉన్న ఆ పనిని ఆమె ఆ ఏడాది మావయ్యగారి మంచం పక్కనే కూర్చుని పూర్తి చేశారు.

నాలుగవ ఆగమన ఆదివారం 24వ తేదీనే పడింది కనుక, ఉదయం నాలుగో కొవ్వొత్తి వెలిగించి, రాత్రి మళ్లీ క్రిస్మస్ ఆరాధనకు వెళ్లాము. మావయ్యగారు ముందు రోజే ఇంటికి వచ్చారు. ఆయన కదలలేని స్థితిలో ఉన్నారని యువకులు క్యారల్స్ పాటలు అరుగు మీద కాకుండా హాలులో ఆయన మంచం చుట్టూ నిలబడి పాడారు. మా ఆడపడుచు రాజమహేంద్రవరం విమానాశ్రయం నుంచి నేరుగా ఆ పాటల మధ్యలోకే వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆమే పిల్లలను వెంటబెట్టుకుని అరిసెల పళ్లేలు ఇంటింటికీ పట్టుకెళ్లింది.

భోగి ముందు రోజుల్లో నేను పిన్నిగారి ఇంట్లో పిండి తట్టాను, అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని పాకం చూశారు. ధాన్యం డబ్బు సంక్రాంతి దాటాక ఖాతాలో పడింది. ముందు కూలీల బాకీ, తరువాత ఆసుపత్రి కోసం చేసిన అప్పు తీర్చాము. పెద్దవాళ్ల కొత్త బట్టలు ఈస్టరుకు కొన్నాము.