203ని దేనితో భాగించాలి?

ఇంటర్‌లో కండిషనల్ ప్రాబబిలిటీ, అంటే ఒక సంగతి తెలిసినప్పుడు ఇంకొకటి జరిగే సంభావ్యత, దాని సూత్రం నాకు నోటికి వచ్చు. మార్కులూ బాగానే వచ్చాయి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నాక, ఒట్టి పట్టిక ఒకటి చేతికిచ్చి లెక్క కట్టమన్నప్పుడు మాత్రం టెన్షన్ పట్టుకుంది.

అది టైటానిక్ పట్టిక. 1912లో ఓడ మునిగాక బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ జరిపిన విచారణలో సేకరించిన లెక్కలవి. మొత్తం 2201 మంది. మొదటి తరగతిలో 325 మంది ఉంటే 203 మంది బతికారు. రెండో తరగతిలో 285 మందికి 118 మంది, మూడో తరగతిలో 706 మందికి 178 మంది. సిబ్బంది 885 మంది ఉంటే 212 మంది. అడుగున మొత్తాల వరుసలో బతికినవాళ్లు 711, చనిపోయినవాళ్లు 1490.

మొదటి తరగతి మనిషని తెలిస్తే, బతికి ఉండే సంభావ్యత ఎంత? ఇదీ ప్రశ్న. నేను 203ని 711తో భాగించి 29 శాతం అన్నాను. పక్కనున్న అమ్మాయి 2201తో భాగించి 9 శాతం అంది. ఇద్దరివీ తప్పే.

మేడమ్ సూత్రం జోలికి పోలేదు. నా నోట్‌బుక్ మీద అట్ట పెట్టి, మొదటి తరగతి వరుస తప్ప మిగతాదంతా మూసేశారు. "ఇప్పుడు నీకు ఎంతమంది కనిపిస్తున్నారు?" అన్నారు. 325 మంది. అందులో బతికింది 203. అంటే 62 శాతం. షరతు చెప్పగానే మిగతా ఓడంతా లెక్కలోంచి తప్పుకుంటుందని నాకు అప్పుడు కంటికి కనిపించింది.

మరి నా 29 శాతం ఏమిటి? అది వేరే ప్రశ్నకు జవాబు. ఇంటికొచ్చి రెండింటినీ తెలుగులో రాసుకున్నాను. "మొదటి తరగతి వాళ్లలో బతికినవాళ్లు ఎంత?" "బతికినవాళ్లలో మొదటి తరగతి వాళ్లు ఎంత?" మాటలు అవే, "లో" చేరిన చోటే మారింది. "లో" ఏ మాటకు తగిలితే దాని మొత్తమే హారం. ఇన్నాళ్లూ "ఏ గివెన్ బీ" (బీ అని తెలిస్తే ఏ) అని గుడ్డిగా చదివినదానికి మన భాషలోనే ఇంత తేలికైన గుర్తు ఉందని తెలిసి చాలా సంతోషమేసింది.

సిబ్బంది వరుస దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మొదటి తరగతిలో 203 మంది బతికితే, సిబ్బందిలో 212 మంది. బతికినవాళ్లలో 30 శాతం సిబ్బందే. ఆ నిలువు వరుస ఒక్కటే చూసినవాళ్లు సిబ్బంది బాగానే బయటపడ్డారనుకుంటారు. అట్టను అడ్డంగా పెట్టి చూస్తే సిబ్బందిలో బతికింది 24 శాతమే. 673 మంది పోయారు. ఇంజనీరింగ్ ఆఫీసర్లలో ఒక్కరూ మిగల్లేదు. హారం తప్పు రాస్తే ఇంతమంది కనిపించకుండా పోతారు.

సెమిస్టర్ పరీక్షలో పట్టిక లెక్క వచ్చింది. ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా ముందు తెలుగులో అనుకుని, "లో" ఎక్కడ పడిందో చూసి, ఆ వరుస మొత్తాన్ని హారంలో రాశాను. లవం ఆ తర్వాతే.