పైపు ఎన్ని గట్లు దాటుతుంది? రెండు గీతలు కలిసే చోటు కోసం నేను పడ్డ పాట్లు

మా బాబాయికి చింతలపూడి పక్కన రెండు చోట్ల పొలం ఉంది. బోరు ఒకచోట, ఆయిల్ పామ్ మొక్కలు ఇంకోచోట, మధ్యలో ఆరొందల మీటర్ల పైచిలుకు దూరం. బోరు నుంచి మొక్కల దాకా పైపు వేయాలి. మధ్యలో పొలాలవాళ్ళని అడిగి ఒప్పించడం ఆయన పని, ఆ పైపు ఎన్ని గట్లు దాటుతుందో, ఎక్కడెక్కడ దాటుతుందో చెప్పడం నా పని. గట్టు దాటే ప్రతిచోటా కింద సిమెంటు తూము పెట్టి అందులోంచి పైపు పోనివ్వాలని ఆయన పట్టు, లేకపోతే ట్రాక్టర్ ఎక్కి దిగినప్పుడు పగిలిపోతుందని.

నడుచుకుంటూ లెక్కపెట్టేస్తే పోయేదానికి కోడ్ ఎందుకు అంటారేమో. పైపు దారి రోజుకో రకంగా మారుతోందండి. ఇవాళ ఒకాయన సరే అంటాడు, రేపు వాళ్ళ తమ్ముడు కాదంటాడు. మారినప్పుడల్లా హైదరాబాద్ నుంచి వెళ్ళి నడవలేను కదా. అందుకని సంక్రాంతికి వెళ్ళినప్పుడే ఫోన్ పట్టుకుని గట్ల మూలమూలకీ నిలబడి జీపీఎస్ పాయింట్లు తీసుకొచ్చాను. గట్లన్నీ కలిపి 41 ముక్కలు, పైపు దారి 6 ముక్కలు. ప్రతి పైపు ముక్కకీ ప్రతి గట్టు ముక్కకీ కలిసే చోటుందా అని చూడాలి, 246 జతలు. ఒక సాయంత్రం పని అనుకున్నా.

మొదట ఇంటర్ వన్-బీలో చదివిన సరళరేఖలే గుర్తొచ్చాయి. రెండు గీతలకీ వాలు కట్టి, సమీకరణాలు రాసి, సాధిస్తే అయిపోతుంది. పైథాన్‌లో పది లైన్లు రాసి రన్ కొడితే సున్నాతో భాగిస్తున్నావంటూ ఆగిపోయింది. ఒక గట్టు నిట్టనిలువుగా ఉత్తరం-దక్షిణంగా ఉంది, నా యాప్ ఐదు దశాంశాల దాకానే ఇస్తుంది కాబట్టి రెండు చివరలకీ రేఖాంశం ఒకటే వచ్చింది. నిలువు గీతకి వాలు ఉండదని తెలుసు, పరీక్షలో రాశాం కూడా, కానీ కోడ్ రాసేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది. దానికి విడిగా ఒక షరతు పెట్టాను. ఈసారి ఆగకుండా నడిచింది, నడిచి రెండు వందలకు పైగా కలిసే చోట్లు చూపించింది! సమీకరణానికి గట్టు ఎక్కడ ఆగిందో తెలీదు, గీత రెండు వైపులా పోతూనే ఉంటుంది. అందులో ఒక పాయింటు మ్యాప్‌లో పెట్టి చూస్తే ఊరు దాటి ఎక్కడో అడవిలో తేలింది.

ఆ కోడ్ పక్కన పడేసి, ఈసారి వన్-ఏలోని సదిశల లబ్ధం పట్టుకున్నా. అప్పట్లో ఇది ఎందుకు నేర్పుతున్నారో నిజంగా అర్థం కాలేదు. పద్ధతి ఇది. పైపు ముక్క క నుంచి ఖ వరకు అనుకోండి, దాని మీద ఎంత దూరం వెళ్ళామో చెప్పే అంకె టి. క దగ్గర 0, ఖ దగ్గర 1. గట్టు గ నుంచి ఘ వరకు, దాని మీద అలాంటి అంకెకి యు అని పేరు. రెండు అంకెలూ 0, 1 మధ్య ఉంటేనే ముక్కలు నిజంగా కలిసినట్టు. వాలు అనే మాటే రాదు కాబట్టి నిలువు గీత గొడవ కూడా లేదు.

చేత్తో ఒకటి చేసి చూసుకున్నా, మీరూ చేసి చూడండి. క (1, 1), ఖ (7, 4), గ (2, 5), ఘ (5, −1). సదిశ అంటే ఒక చివర నుంచి రెండో చివరకి ఎక్స్ ఎంత, వై ఎంత జరగాలో చెప్పే జత. పైపు సదిశ (6, 3), గట్టు సదిశ (3, −6). లబ్ధం అంటే మొదటిదాని ఎక్స్‌ని రెండోదాని వైతో గుణించి, మొదటిదాని వైని రెండోదాని ఎక్స్‌తో గుణించింది అందులోంచి తీసేయడమే. ఇక్కడ 6 × (−6) − 3 × 3 = −45. క నుంచి గ వరకు సదిశ (1, 4). దానికీ గట్టుకీ లబ్ధం −18, దానికీ పైపుకీ లబ్ధం −21. టి అంటే −18ని −45తో భాగిస్తే వచ్చే 0.4. యు అంటే −21ని −45తో భాగిస్తే దాదాపు 0.467. రెండూ లోపలే ఉన్నాయి. క నుంచి పైపు మీద 0.4 వంతు వెళ్తే (3.4, 2.2). అదే కలిసే చోటు. గట్టు వైపు నుంచి వెళ్ళి చూసినా అదే రావాలి, వచ్చింది.

భాగించే అంకె, అంటే ఆ −45 ఉన్న చోట, సున్నా వస్తే గీతలు సమాంతరం. కంప్యూటర్‌లో దశాంశాలు ఖచ్చితంగా ఉండవు (0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటుంది), కాబట్టి సరిగ్గా సున్నాయా అని కాకుండా 0.000001 కన్నా తక్కువైతే సున్నా అనుకో అని రాశా. అందరూ అలాగే రాస్తారు. రన్ చేస్తే ఒకే ఒక్క చోట కలిసిందంది. 246 జతల్లో ఒక్కటి!

దీంతో రెండు రాత్రులు పోయాయి. ఫార్ములా మళ్ళీ మళ్ళీ చూశా, చేత్తో చేసిన లెక్కతో పోల్చా, అంతా కరెక్టే. చివరికి విసుగొచ్చి ప్రతి జతకీ ఆ లబ్ధం ఎంతొస్తోందో ప్రింట్ చేస్తే దాదాపు అన్నీ 0.0000002, 0.0000004 ఇలా ఉన్నాయి. అప్పుడు వెలిగింది. నా పాయింట్లు డిగ్రీల్లో ఉన్నాయి. లబ్ధం అంటే ఆ రెండు సదిశలు రెండు పక్కలుగా గీసిన సమాంతర చతుర్భుజం వైశాల్యం, అంటే చదరపు డిగ్రీలు. మా వైపు అక్షాంశం 17 డిగ్రీల చిల్లర, అక్కడ ఒక డిగ్రీ ఉత్తరానికి 110 కిలోమీటర్ల పైన, తూర్పుకి 106 కిలోమీటర్ల పైన. గుణించి చూస్తే 0.000001 చదరపు డిగ్రీ అంటే 11,700 చదరపు మీటర్ల పైమాటే. ఎకరాల్లోకి మారిస్తే దాదాపు మూడెకరాలు. నేను 'ఏముందిలే, సున్నాయే' అని రాసుకున్నది మూడెకరాల పొలం! బాబాయికి చెబితే "మూడెకరాలు సున్నాయేంట్రా, నీకు జీతం ఎవడిస్తున్నాడ్రా" అన్నాడు.

నిజానికి డిగ్రీల్లో చేసినా టి, యు సరిగ్గానే వస్తాయి, ఇంత చిన్న చోట్లో భాగహారంలో పైనా కిందా ఉన్నది ఒకే కొలత కాబట్టి కొట్టుకుపోతుంది. నేను పెట్టిన హద్దే తప్పు. అయినా అన్నీ మీటర్లలోకి మార్చేశా, యూటీఎం 44వ జోన్ (యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొట్టి ఒక్కో పట్టీలో మీటర్లలో కొలిచే పద్ధతి). ఈ జోన్ మధ్య రేఖ 81 డిగ్రీల మీద పోతుంది, మా ఊరు దాని పక్కనే కాబట్టి తూర్పు అంకె 5 లక్షలకి దగ్గర్లో, ఉత్తరం అంకె 18 లక్షల 80 వేల చిల్లర. అంత పెద్ద అంకెలు మోయడం ఎందుకని అన్నిట్లోంచీ బోరు పాయింటు తీసేశా, బోరు (0, 0) అయింది. హద్దు కూడా మార్చా: గట్టు మొదలు నుంచి పైపు చివరకి సదిశ తీసుకుని, దానికీ గట్టుకీ వచ్చే లబ్ధాన్ని గట్టు పొడవుతో భాగిస్తే (గుర్తు వదిలేసి) ఆ పైపు చివర గట్టు గీత నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో వస్తుంది. పైపు రెండు చివరలూ అర మీటరు లోపే ఉంటే ఒకే గీత మీద ఉన్నట్టు లెక్క. అర మీటరంటే ఎంతో నాకు తెలుసు, 0.000001 అంటే ఎంతో తెలీదు, అంతే తేడా.

ఇప్పుడు 11 వచ్చాయి. పటంలో పెట్టి చూస్తే రెండు చోట్ల పైపు సరిగ్గా గట్టు మూల మీదుగా పోతోంది, మూలలో కలిసే రెండు ముక్కలూ 'నన్ను దాటింది' అంటున్నాయి. ఇంకో రెండు చోట్ల ఒకే గట్టుని ఇటు పొలం చుట్టూ తిరిగినప్పుడు ఒకసారి, అటు పొలం చుట్టూ తిరిగినప్పుడు ఒకసారి నేనే రెండుసార్లు తీశాను. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది కాబట్టి ఒకే గట్టు పక్కపక్కన రెండు గట్లయి కూర్చుంది. ఐదు మీటర్ల లోపు ఉన్న పాయింట్లన్నీ ఒకటే అనుకోమంటే 7 మిగిలాయి.

మధ్యలో బెంట్లీ, ఓట్‌మన్ 1979లో ఇచ్చిన పద్ధతి గురించి కూడా చదివా, ఒక గీతని పటం మీదుగా జరుపుకుంటూ పోయి పక్కపక్కనున్న ముక్కల్నే పోల్చడం. బావుంది. రెండు వేల ముక్కలుంటే జతలు 19,99,000, అప్పుడు పనికొస్తుంది. నా 246కి అనవసరం.

ఇక మిగిలింది ఒకటే, పైపు గట్టు వెంబడే పోయే చోటు. దీన్ని ఎక్కడ చూసినా అరుదైన కేసు అని ఒక లైన్లో వదిలేస్తారు. పొలంలో అది అరుదు కాదు, దున్నేటప్పుడు అడ్డం రాకుండా పైపుని గట్టు వెంబడే వేస్తారు ఎవరైనా! అక్కడ కలిసే చోటు పాయింటు కాదు, ఒక ముక్క. గట్టు మొదలు 0, చివర 1 అనుకుని పైపు చివరలు ఆ కొలతలో ఎక్కడ పడతాయో చూడాలి. −0.2 నుంచి 0.6 వరకు వస్తే ఉమ్మడి భాగం 0 నుంచి 0.6. పైపు ఎదురు దిక్కున గీసి ఉంటే ఇదే 0.6 నుంచి −0.2 అని తిరగబడి వస్తుంది, చిన్నది ముందు పెట్టడం నేను మర్చిపోయా, కోడేమో 'కలవలేదు' అంది. దీనికి ఇంకో రెండు రోజులు. చివర్లో షేప్లీతో (ఇలాంటి లెక్కలకి పైథాన్‌లో ముందే రాసిపెట్టిన లైబ్రరీ) పోల్చుకుంటే అన్నీ కుదిరాయి. ముందే అది వాడొచ్చు కదా అంటే, వాడొచ్చు.

ఏడు పాయింట్లూ వాట్సాప్‌లో పంపితే బాబాయ్ ఫోన్ చేసి "ఈ అంకెలు నేనేం చేసుకోను, బోరు కాణ్ణించి ఎంతో చెప్పు" అన్నాడు. అప్పుడు టి మళ్ళీ పనికొచ్చింది: పైపు ముక్క పొడవుని టితో గుణించి, అంతకుముందు ముక్కల పొడవులు కలిపితే చాలు. మొదటి గట్టు 84 మీటర్ల దగ్గర. పీవీసీ పైపు ఒక్కోటి 6 మీటర్లు, అంటే 14వ పైపు చివర. ఇది ఆయనకి నచ్చింది, ఏడిటికీ అలాగే రాసి పంపా. ఎనిమిదో వరసలో 'ఇక్కడి నుంచి ఇక్కడి దాకా గట్టు వెంబడే' అని రెండు దూరాలు రాశా, కొంచెం గర్వంగానే.

"అక్కడ గట్టు మీద వద్దులేరా, పక్కాయనతో పేచీ. రెండు గజాలు ఇవతలకి జరుపు" అన్నాడు.

జరిపాను. మళ్ళీ రన్ చేస్తే ఏడే వచ్చాయి, రెండు రోజులు కూర్చుని రాసిన ఆ ఉమ్మడి భాగం కోడ్‌లోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.