పుట్టగొడుగు ఎవరి చుట్టం?

గిన్నె ఎత్తగానే కాగితం మీద గోధుమరంగు గీతల చక్రం. పుట్టగొడుగు సిద్ధబీజాల (విత్తనాల్లా రాలే సూక్ష్మ కణాల) అచ్చు!

కాడ కోసేసి, మొప్పలు (గొడుగు అడుగున ఉండే పల్చటి మడతలు) కిందికి వచ్చేలా గొడుగును పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా కదపకూడదు. సగం నలుపు, సగం తెలుపు కాగితం మేలు. తెల్లటి బీజాలు తెల్ల కాగితం మీద ఏం కనిపిస్తాయి? గొడుగు వడిలిపోతే ఏమీ రాలవు. పైన ఒక్క నీటి చుక్క వేసి చూడండి.

ఇంతా చూసి కూడా దీన్ని మొక్క అనేస్తాం. పత్రహరితమే లేదు. కణకవచంలో ఉన్నది కైటిన్, బొద్దింక పెంకులో ఉండేదే. 1969లో జీవశాస్త్రవేత్త విట్టేకర్ జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా విభజించి, ఒకటి పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలకిచ్చాడు. జన్యువులు పోల్చాక ఇవి జంతువులకే దగ్గరని తేలింది.

ఉమ్మడి పూర్వీకుడు ఏకకణ జీవి, వెనక ఒకే తోకతో ఈదేది. మన వీర్యకణం నేటికీ అలాగే ఈదుతుంది. కప్పల్ని చంపే కైట్రిడ్ అనే శిలీంధ్రం బీజాలూ అంతే.